నల్ల చేతుల రసాయనశాస్త్రం: పెర్సీ జూలియన్ చరిత్ర మనకెందుకు?

రసాయనశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో మనుషులుండరు. చర్యలుంటాయి, సమీకరణాలుంటాయి, బాణం గుర్తుకి అటూ ఇటూ పదార్థాలుంటాయి. ఎక్కడో ఒక పేరు కనబడినా అది ఒక చర్యకి పెట్టిన పేరుగానే కనబడుతుంది. ఆ పేరు గలవాడు ఎవరింట్లో పుట్టాడు, ఎవరు అతన్ని లోపలికి రానిచ్చారు, ఎవరు గుమ్మంలోనే ఆపేశారు అనే సంగతులు పరీక్షలో రావు. అందుకని మన పిల్లలు సైన్సుకి కులం లేదనీ రంగు లేదనీ చదువుకుంటారు. ప్రయోగశాలలో కాలుపెట్టాక గానీ అసలు సంగతి తెలీదు.

1990లో మండల్ సిఫార్సుల అమలు ప్రకటించినప్పుడు రోడ్డెక్కిన ‘ప్రతిభ’ వాదం అన్నిటికన్నా గట్టిగా పాతుకున్నది సైన్సు సంస్థల్లోనే. ‘గుమాస్తా ఉద్యోగాలకైతే సరే, పరిశోధనకి కూడా రిజర్వేషన్లేంటి?’ అనే ప్రశ్న అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. ఈ ప్రశ్నకి ఆవేశంతో జవాబు చెప్పి ఊరుకుంటే చాలదు. చరిత్రతో చెప్పాలి. అందుకే ఈ వ్యాసంలో మేము ఒక నల్లజాతి అమెరికన్ రసాయన శాస్త్రవేత్త జీవితాన్ని పరిశీలిస్తున్నాం. ఆయన పేరు పెర్సీ లవాన్ జూలియన్ (1899-1975). చెట్లూ జంతువులూ తమ ఒంట్లో తయారుచేసుకునే క్లిష్టమైన అణువుల్ని గాజుపాత్రలో కట్టడం ఆయన పని. రసాయనశాస్త్రంలో దీన్ని సంశ్లేషణ అంటారు. ‘ప్రతిభకి శిఖరం’ అని చెప్పుకునే ఈ రంగంలోకి బానిసల మనవడు ఎట్లా వచ్చాడు, వచ్చాక ఏం చేశాడు, చేశాక ఏం దక్కింది అన్నవి మా ప్రశ్నలు.

1. అణువుని కట్టడం అంటే

ప్రాణమున్న వాటిలో పుట్టే పదార్థాన్ని మనిషి చేయలేడనీ, దానికేదో ‘ప్రాణశక్తి’ కావాలనీ 19వ శతాబ్దం మొదట్లో చాలామంది నమ్మేవాళ్ళు. 1828లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ వోలర్ మూత్రంలో ఉండే యూరియాని జంతువుతో పనిలేకుండా ప్రయోగశాలలో చేసి చూపించాడు. ఆ నమ్మకం ఒక్కరోజులో పోలేదు గానీ, దారి మాత్రం అక్కడ తెరుచుకుంది.

సంశ్లేషణ చేసేవాళ్ళు ముందు చెట్టు నుంచి తీసిన పదార్థాన్ని శుద్ధి చేసి, విరగ్గొట్టి, ముక్కల్ని చూసి మొత్తం ఎట్లా ఉండి ఉంటుందో ఊహిస్తారు. తర్వాత తేలిగ్గా దొరికే చిన్న అణువుతో మొదలుపెట్టి మెట్టు తర్వాత మెట్టుగా పెద్ద అణువుని కడతారు. చివరికి తాము కట్టిందీ చెట్టు కట్టిందీ ఒకటేనా అని పోలుస్తారు. రెండూ ఒకటే అయితే ఊహ నిజమని తేలినట్టు. అందుకే ఆ రోజుల్లో సంశ్లేషణ అంటే మందు తయారీ ఒక్కటే కాదు, అణువు నిర్మాణానికి ఆఖరి రుజువు కూడా.

ఇందులో కష్టం బయటివాళ్ళకి కనబడదు. ప్రతి మెట్టులోనూ కొంత సరుకు పోతుంది. ఒక్కో మెట్టులో నూటికి 80 పాళ్ళు దక్కినా, పది మెట్లు దాటేసరికి నూటికి 11 పాళ్ళు కూడా మిగలవు. పైగా చాలా అణువులకి కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాగా రెండు రూపాలుంటాయి. చెట్టు సాధారణంగా ఒక రూపాన్నే చేస్తుంది. గాజుపాత్రలో మాత్రం రెండూ సగం సగం కలిసి వస్తాయి. వాటిని మళ్ళీ విడదీయాలి.

ఇదంతా చేతిపని. కంపులో, పొగలో, రాత్రంతా నిప్పు దగ్గర కూచుని మరిగించి, వడగట్టి, ఆరబెట్టి, మళ్ళీ మరిగించే పని. ఈ సంగతి మన దేశానికి సంబంధించి చాలా ముఖ్యం. కలకత్తాలో ఆధునిక రసాయనశాస్త్రానికి పునాది వేసిన ప్రఫుల్లచంద్ర రాయ్ తన ‘హిందూ రసాయనశాస్త్ర చరిత్ర’ రెండో సంపుటంలో (1909) మన దగ్గర సైన్సు ఎందుకు చచ్చిపోయిందని అడిగి, దానికి ముఖ్యమైన కారణం కులమే అన్నాడు. చేతిపనులన్నిటినీ కింది కులాలకి వదిలేసి, శవాన్ని ముట్టుకుంటే మైల అనుకున్న మేధావి వర్గం వస్తువుతో సంబంధం తెంచుకుంది. చేసేవాడికి ‘ఎందుకు’ అని అడిగే చదువు లేదు. చదువుకున్నవాడికి ‘ఎట్లా’ అని తెలుసుకునే చెయ్యి లేదు. రాయ్ దళితుడు కాదు, కాయస్థుడు. ఆ మాట ఆయన చెప్పి వందేళ్ళు దాటింది. అయినా మన సైన్సు పాఠాల్లో అది ఎక్కడా వినబడదు.

మన ఊళ్ళ సంగతే చూడండి. మాదిగ వాడలో లంద దగ్గర జరిగింది రసాయనశాస్త్రం కాక మరేంటి? పచ్చితోలుని సున్నపు నీళ్ళలో నానబెడితే వెంట్రుకలు ఊడతాయి. తంగేడు చెక్క రసంలో ఊరబెడితే ఆ చెక్కలోని టానిన్లు తోలులోని ప్రోటీన్ పోగుల్ని పట్టుకుని అది కుళ్ళకుండా చేస్తాయి. ఎన్నాళ్ళు నానాలి, ఏ కాలంలో ఎంత చెక్క పడుతుంది అనే లెక్కలు తరాల తరబడి చేతుల్లో ఉన్నాయి. అయినా ఆ చేతులకి దక్కిన పేరు అంటరానితనం. కంపు కొట్టే పని ప్రయోగశాలలో చేస్తే శాస్త్రవేత్త, లంద దగ్గర చేస్తే అంటరానివాడు. ఈ తేడా పనిలో లేదు. చేసే మనిషికి సమాజం ఇచ్చిన స్థానంలో ఉంది.

2. కలబార్ గింజ

జూలియన్‌కి పేరు తెచ్చిన అణువు ఫైసోస్టిగ్మిన్. అది పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి నైజీరియాలోని కలబార్ ప్రాంతంలో పెరిగే ఒక తీగ గింజలో ఉంటుంది. అక్కడి ఎఫిక్ జనం ఆ గింజని ‘ఎసెరె’ అంటారు. చేతబడి చేశారని అనుమానం వచ్చిన మనిషికి ఆ గింజ తినిపించేవాళ్ళు. కక్కితే నిర్దోషి, చస్తే దోషి. ఇది క్రూరమైన ఆచారం, దాన్ని మేము వెనకేసుకు రావడం లేదు. అయితే ఆ గింజలో ఎంత విషముందో, ఏం చేస్తుందో ముందు తెలుసుకున్నది ఆఫ్రికా జనమే అన్న విషయం కూడా చరిత్రలో భాగమే.

మిషనరీల ద్వారా ఆ గింజలు స్కాట్లాండ్ చేరాయి. 1855లో ఎడిన్‌బరోలో రాబర్ట్ క్రిస్టిసన్ అనే వైద్యుడు తనే కొంచెం తిని, ప్రాణం మీదికి తెచ్చుకుని, బతికి బయటపడి, ఆ అనుభవం రాశాడు. 1864లో జర్మనీలో యోబ్స్ట్, హెస్సే అనేవాళ్ళు అందులోని విషాన్ని వేరుచేశారు. 1877లో లుడ్విగ్ లాకర్ దాన్ని కంటి జబ్బు గ్లాకోమాకి, అంటే నీటికాసులకి, మందుగా వాడాడు. ఆ మందు కంటిపాపని చిన్నది చేసి కంట్లో ఒత్తిడి తగ్గిస్తుంది. 1925లో స్టెడ్‌మన్, బార్జర్ అనే ఇద్దరు దాని నిర్మాణం ఇట్లా ఉంటుందని ప్రతిపాదించారు. 15 కార్బన్లు, 21 హైడ్రోజన్లు, 3 నైట్రోజన్లు, 2 ఆక్సిజన్లు, ఒకదానికొకటి అతుక్కున్న మూడు వలయాలు. అది కట్టి చూపించేవాడి కోసం పదేళ్ళు ఎదురుచూసింది.

3. మాంట్‌గోమరీ నుంచి వియన్నా దాకా

జూలియన్ 1899 ఏప్రిల్ 11న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో పుట్టాడు. 1955-56లో నల్లవాళ్ళు బస్సులు బహిష్కరించిన మాంట్‌గోమరీ అదే. తాత, నాయనమ్మ బానిసలు. చదవడం, రాయడం నేర్చుకున్నందుకు తాత చేతివేళ్ళు రెండు నరికేశారని ఆ కుటుంబంలో చెప్పుకునేవాళ్ళు. శూద్రుడు వేదం వింటే చెవిలో సీసం పోయాలన్న ధర్మశాస్త్రాలు గల దేశంలో ఈ సంగతి మనకి కొత్తగా అనిపించదు. తండ్రి రైల్వే తపాలా గుమాస్తా, తల్లి బడిపంతులమ్మ. ఆరుగురు పిల్లల్లో పెర్సీ పెద్దవాడు. ఆ ఊళ్ళో నల్లపిల్లలకి ఎనిమిదో తరగతి దాటితే ప్రభుత్వ హైస్కూలు లేదు. నల్లవాళ్ళ కోసం పెట్టిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో దొరికినంత చదువుకున్నాడు.

1916లో ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌కాజిల్‌లో డీపా విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువు వెనకబడి ఉందని పగలు కాలేజీ పాఠాలతో పాటు హైస్కూలు పాఠాలు కూడా చదివించారు. హాస్టల్లో చోటివ్వలేదు. భోజనం పెట్టే చోటు కోసం ఊరంతా తిరిగాడు. చివరికి తెల్ల విద్యార్థుల సంఘం ఇంట్లో కొలిమి చూసుకుంటూ, వడ్డన చేస్తూ, అటక మీద పడుకుని చదివాడు. 1920లో క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చాడు.

ఆ రోజుల్లో మన దగ్గర ఏం జరుగుతోంది? అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి లండన్ వెళ్ళిందీ 1916లోనే. మరుసటి ఏడాది బరోడాలో ఉద్యోగానికి వచ్చిన ఆయన ఉండటానికి గది దొరక్క ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే, కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. అంతకు ముందు, 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిన మేఘనాథ్ సాహా, తర్వాత నక్షత్రాల వెలుగుని లెక్కగట్టి ప్రపంచానికి చెప్పిన ఆ మనిషి, తక్కువ కులంవాడని హాస్టల్ భోజనశాలలో పక్కన కూచోనివ్వలేదు. ఎక్కడ చూసినా ముందు గది, ఆ తర్వాత కంచం. చదువు సంగతి దాని తర్వాతే వస్తుంది. మెరిట్ లెక్కగట్టేవాళ్ళు ఈ గదినీ ఈ కంచాన్నీ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

క్లాసులో మొదటివాడైనా జూలియన్‌కి డాక్టరేటు సీటు రాలేదు. ‘నల్లవాళ్ళ కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి ఈ చదువు చాల్లే’ అన్న ధోరణి. ఫిస్క్ విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు పాఠాలు చెప్పాడు. 1922లో హార్వర్డ్ ఫెలోషిప్ వచ్చింది, 1923లో మాస్టర్స్ పూర్తయింది. అక్కడ పై చదువు సాగలేదు. తెల్ల పిల్లలకి నల్లవాడు పాఠం చెబితే గొడవలొస్తాయని టీచింగ్ అసిస్టెంటు పని ఇవ్వలేదు. అమెరికాలో నల్లజాతివాడికి రసాయనశాస్త్రంలో మొదటి డాక్టరేటు వచ్చిందే 1916లో, సెంట్ ఎల్మో బ్రేడీకి. ఆ దారి అప్పటికి అంత ఇరుకు.

1929లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో జూలియన్ ఆస్ట్రియా వెళ్ళాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో ఎర్న్‌స్ట్ ష్పేట్ దగ్గర చెట్ల ఆల్కలాయిడ్ల మీద పనిచేసి 1931లో డాక్టరేటు తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి అందరితో కలిసి తిన్నాడు, ఈతకెళ్ళాడు, నాటకశాలకి వెళ్ళాడు. అయితే వియన్నాని స్వర్గం చేసి చెప్పడం తప్పవుతుంది. అదే విశ్వవిద్యాలయంలో యూదు విద్యార్థుల మీద దాడులు జరుగుతున్న రోజులవి. ఒకరికి తలుపు తీసిన చోటే మరొకరిని తరుముతున్నారు.

4. 1935: ఆక్స్‌ఫర్డ్‌కి ఎదురు

వియన్నాలో స్నేహితుడైన జోసెఫ్ పికిల్‌ని వెంటబెట్టుకుని జూలియన్ అమెరికా వచ్చాడు. వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో కొద్దికాలమే ఉన్నాడు. అక్కడి అంతర్గత తగాదాల్లో ఆయన సొంత ఉత్తరాలు పత్రికకెక్కడంతో రాజీనామా చేయాల్సి వచ్చింది. అప్పుడు డీపాలో పాత గురువు విలియం బ్లాంచర్డ్ చోటిచ్చాడు. అది చిన్న కాలేజీ. పెద్ద పరికరాల్లేవు, డాక్టరేటు విద్యార్థుల్లేరు. డిగ్రీ పిల్లలనే పరిశోధనలో కూచోబెట్టి, వాళ్ళ పేర్లతో సహా వ్యాసాలు అచ్చువేయించాడు జూలియన్. చిన్న కాలేజీల్లో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతి గమనించాలి.

అదే సమయంలో ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ రాబిన్సన్ బృందం కూడా ఫైసోస్టిగ్మిన్ మీదే పనిచేస్తోంది. రాబిన్సన్ అప్పటికే ఆ రంగంలో పెద్ద పేరు, 1947లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫైసోస్టిగ్మిన్‌కి కొద్ది మెట్ల దూరంలో ఉండే ఎసెరెథోల్ అనే పదార్థాన్ని తాము చేశామని ఆయన బృందం ప్రకటించింది. జూలియన్, పికిల్ చేసిన ఎసెరెథోల్ గుణాలు వాళ్ళ పదార్థంతో కలవలేదు. ఇద్దరిలో ఒకరు తప్పు. పేరు చూసి తేల్చేట్టయితే తప్పు ఎవరిదని లోకం అంటుందో చెప్పనక్కర్లేదు. జూలియన్ వెనక్కి తగ్గలేదు. ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు చేసింది ఎసెరెథోల్ కాదని అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలోనే రాశాడు. ఆయన మాట తప్పని తేలితే ఆయన జీవితం అక్కడితో ఆగిపోయేది. తెల్లవాడు తప్పు చేస్తే అది ఒక మనిషి తప్పు. నల్లవాడు చేస్తే జాతి మొత్తం తప్పు. మన పిల్లలకి ఇంటర్వ్యూ గదుల్లో ఈ భారం ఎంతుంటుందో తెలుసు.

జూలియన్ వాదనని పరీక్షించే దారి ఒక్కటే, గింజ నుంచి తీసిన పదార్థంతో పోల్చడం. స్వచ్ఛమైన స్ఫటికం ఒక నిర్దిష్టమైన వేడి దగ్గరే కరుగుతుంది. రెండు పదార్థాలు ఒకటే అయితే కలిపినా అదే వేడికి కరుగుతాయి, వేరైతే ముందే మెత్తబడతాయి. జూలియన్ పదార్థం గింజ పదార్థంతో సరిపోయింది. ఎడమచేతి రూపాన్నీ విడదీశారు. 1935లో సంపూర్ణ సంశ్లేషణ పూర్తయింది. థర్మామీటరుకి రంగు తెలీదు. దాన్ని పట్టుకునే అవకాశం ఎవరికి ఇవ్వాలో తేల్చేవాళ్ళకి మాత్రం తెలుసు.

ఈ అణువు కథ అక్కడితో ఆగలేదు. ఫైసోస్టిగ్మిన్ రసాయనికంగా ఒక కార్బమేట్. అది నరాల సందేశాన్ని ఆపే ఎంజైముని అడ్డుకుంటుంది. ఇదే పద్ధతిలో పురుగుల నరాల్ని దెబ్బతీసే కార్బమేట్ పురుగుమందులు తర్వాత వచ్చాయి. అందులో ఒకటి కార్బరిల్, దాని వ్యాపారపు పేరు సెవిన్. దాన్ని భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో మిథైల్ ఐసోసయనేట్‌తో చేసేవాళ్ళు. 1984 డిసెంబరు 2-3 రాత్రి ఆ వాయువే బయటపడి వేలమందిని చంపింది. ముందు చచ్చింది గోడ పక్కన గుడిసెల్లో ఉన్నవాళ్ళు. అణువుకి కులం లేదు గానీ, ఫ్యాక్టరీ ఎవరి పక్కన కడతారన్నదానికి ఉంది.

5. సోయా గింజ

అంత పని చేసినా డీపా విశ్వవిద్యాలయం జూలియన్‌ని అధ్యాపకుడిగా తీసుకోలేదు. బ్లాంచర్డ్ అడిగినా పాలకవర్గం ఒప్పుకోలేదు. డ్యూపాంట్ కంపెనీ పికిల్‌కి ఉద్యోగమిచ్చింది, జూలియన్‌కి ఇవ్వలేదు. విస్కాన్సిన్‌లో ఆపిల్టన్ అనే ఊళ్ళో కాగితం పరిశోధన సంస్థ తీసుకుందామనుకుంది గానీ, ఆ ఊళ్ళో నల్లవాడు రాత్రి నిద్ర చేయకూడదనే కట్టుబాటు అడ్డొచ్చింది. 1936లో చికాగోలో గ్లిడెన్ అనే రంగుల కంపెనీ తన సోయా విభాగానికి పరిశోధన డైరెక్టరుగా తీసుకుంది. విశ్వవిద్యాలయం మూసిన తలుపుని ఫ్యాక్టరీ తీసింది. దయతో కాదు, లాభం కోసం.

అక్కడ ఆయన సోయా ప్రోటీన్‌ని వేరుచేసి కాగితం పూతకి పనికొచ్చేట్టు చేశాడు. దానితోనే తయారైన మంటలార్పే నురుగుని రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం వాడింది. అసలు మలుపు 1940లో వచ్చింది. సోయా నూనె తొట్టెలోకి నీళ్ళు చొరబడి అడుగున తెల్లటి ముద్ద పేరుకుంది. నూనె చెడిందని కంపెనీ గగ్గోలు. జూలియన్ మాత్రం ఆ ముద్దని గుర్తుపట్టాడు. కలబార్ గింజ నూనెతో పనిచేసినప్పుడు అట్లాంటి స్ఫటికాలే ఆయన చూశాడు. అది స్టిగ్మాస్టెరాల్. స్టెరాయిడ్ హార్మోన్లకి మూలమైన నాలుగు వలయాల చట్రం అందులో తయారుగా ఉంది.

అప్పటిదాకా ప్రొజెస్టరాన్ అనే స్త్రీ హార్మోన్ని వేల పందుల అండాశయాల నుంచి మిల్లీగ్రాముల లెక్కన తీసేవాళ్ళు. జూలియన్ స్టిగ్మాస్టెరాల్‌ని విడదీసే పద్ధతి చక్కబెట్టి, దాని నుంచి ప్రొజెస్టరాన్‌ని వ్యాపార స్థాయిలో చేయించాడు. చట్రాన్ని మొదటినుంచీ కట్టకుండా, చెట్టు కట్టి పెట్టినదాన్ని తీసుకుని మిగతాది చేయడం ఈ పద్ధతి. సంశ్లేషణలో ఇదీ ఒక దారే. మెక్సికో అడవి దుంపల నుంచి రసెల్ మార్కర్ 1940లలో ప్రొజెస్టరాన్ తీసిందీ ఈ దారిలోనే.

ఇక్కడ ఒక పొరపాటు మాట సరిదిద్దాలి. జూలియన్ కార్టిసోన్ కనిపెట్టాడని అభిమానులు కొందరు రాస్తారు. అది నిజం కాదు. కీళ్ళవాతానికి కార్టిసోన్ పనిచేస్తుందని 1949లో మేయో క్లినిక్‌లో హెంచ్ బృందం చెప్పింది. మెర్క్ కంపెనీ దాన్ని ఎద్దు పిత్తరసం నుంచి ముప్పైకి పైగా మెట్లలో చేసేది. జూలియన్ 1949లో చేసింది ‘కాంపౌండ్ ఎస్’ని చవగ్గా తయారుచేసే పద్ధతి. దానికీ హైడ్రోకార్టిసోన్‌కీ తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువు. ఆ ఆక్సిజన్‌ని సూక్ష్మజీవులతో పెట్టించే పద్ధతిని 1950ల మొదట్లో అప్‌జాన్ కంపెనీవాళ్ళు కనిపెట్టారు. ఈ రెండు దారులూ కలిశాకే మామూలు రోగికి మందు అందే ధరకొచ్చింది. మనవాళ్ళ చరిత్ర రాసేటప్పుడు ఎక్కువ చేసి రాయాల్సిన పనిలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే అది నిలబడుతుంది.

6. ఓక్ పార్క్ ఇల్లు

1950లో జూలియన్ దంపతులు చికాగో పక్కన ఓక్ పార్క్ అనే తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొన్నారు. భార్య అన్నా జాన్సన్ జూలియన్ కూడా సామాన్యురాలు కాదు. అమెరికాలో సామాజికశాస్త్రంలో డాక్టరేటు పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమె (1937). సైన్సు చరిత్రలు ఆమెని ‘భార్య’ అని ఒక్క ముక్కలో సరిపెడతాయి. ఆ ఏడాది నవంబరులో, వాళ్ళింకా దిగకముందే, ఇంటికి నిప్పు పెట్టారు. 1951 జూన్‌లో పిల్లలు పడుకునే గది దగ్గర డైనమైట్ విసిరారు. జూలియన్ తుపాకి పట్టుకుని కొడుకుతో పాటు రాత్రుళ్ళు కాపలా కాశాడు. ఇల్లు వదిలిపోలేదు. అండగా నిలబడిన తెల్ల ఇరుగుపొరుగు కూడా ఉన్నారు, అదీ చెప్పాలి. అదే 1951లో చికాగోలో శాస్త్రవేత్తల విందుకి పిలిస్తే, ఆ విందు జరిగే యూనియన్ లీగ్ క్లబ్బు ఆయన్ని లోపలికి రానివ్వనంది. ఆయన చేయించిన మందులు వాళ్ళ రక్తంలోకి వెళ్ళొచ్చు, ఆయన మాత్రం వాళ్ళ బల్ల దగ్గరికి రాకూడదు. ఇది మనకి బాగా తెలిసిన లెక్క. మన తోలు చెప్పు దొర కాలికి కావాలి, మన కాలు దొర గడపకి వద్దు.

1950లలో జూలియన్ సొంతంగా లేబరేటరీస్ పెట్టి, 1961లో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీకి అమ్మాడు. నల్లజాతి హక్కుల న్యాయపోరాటాలకి నిధులు పోగుచేశాడు. 1973లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీకి ఎన్నికయ్యాడు. ఫైసోస్టిగ్మిన్ కట్టి అప్పటికి 38 ఏళ్ళు. 1975 ఏప్రిల్ 19న చనిపోయాడు. ఆయనకి ఉద్యోగం ఇవ్వనన్న డీపాలోనే ఆ సంశ్లేషణని 1999లో చారిత్రక ఘట్టంగా అమెరికన్ కెమికల్ సొసైటీ గుర్తించింది.

7. మనం ఏం తీసుకోవాలి?

జూలియన్‌ని దేవుణ్ణి చేయడం మా ఉద్దేశం కాదు. ఆయన పెట్టుబడిదారుడు కూడా. ఒక్క మనిషి గోడ దూకితే గోడ కూలదు. పైగా ‘జూలియన్ రిజర్వేషన్ లేకుండానే వచ్చాడు గదా’ అని మనమీదికే తిప్పే ప్రమాదం ఉంది. దానికి జవాబు ఆయన జీవితంలోనే ఉంది. ఒక ఫెలోషిప్, ఒక బ్లాంచర్డ్, ఒక వియన్నా, ఒక గ్లిడెన్, వీటిలో ఏ ఒక్కటి తప్పినా మనకి జూలియన్ తెలిసేవాడు కాదు. తప్పిపోయినవాళ్ళు ఎందరో లెక్కపెట్టే పుస్తకం లేదు. అదృష్టం మీద ఆధారపడిన దాన్ని హక్కుగా మార్చడమే రిజర్వేషన్.

నల్లజాతి పోరాటానికీ మన పోరాటానికీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. 1946లో అంబేడ్కర్ డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాసి, నల్లవాళ్ళు ఐక్యరాజ్య సమితికి పెట్టిన మహజరు ప్రతి అడిగాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ పేరులోనే ఆ బంధం ఉంది. సాహిత్యంలో, రాజకీయాల్లో ఈ బంధాన్ని బాగానే పట్టుకున్నాం. సైన్సులో ఇంకా పట్టుకోలేదు.

పట్టుకోవాల్సిన అవసరం ఎంతుందో చూడండి. పరిశోధన చేసే, నడిపించే పై స్థాయి శాస్త్ర సాంకేతిక పోస్టుల్ని రిజర్వేషన్ల నుంచి మినహాయించడానికి కేంద్ర ప్రభుత్వం 1975లోనే ఉత్తర్వులిచ్చింది. 2019లో వచ్చిన కేంద్ర విద్యాసంస్థల ఉపాధ్యాయ రిజర్వేషన్ చట్టం కూడా నాలుగో సెక్షన్ కింద, షెడ్యూలులో చెప్పిన కొన్ని పరిశోధన సంస్థల్ని మినహాయించింది. అంటే చట్టమే ‘ఇక్కడిదాకా రండి, ఆ పైకి మీ వల్ల కాదు’ అంటోంది. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, హాస్టల్ నుంచి వెలివేసిన అయిదుగురిలో ఒకడు. సైన్సు మీద రాయాలని కలలు కన్నవాడు. గ్రీన్‌కాజిల్‌లో 1916లో మూసిన హాస్టల్ తలుపూ, ఇక్కడి తలుపూ ఒకదానికొకటి దూరం కాదు.

మన హైదరాబాదు సంశ్లేషణ రసాయనానికి పెద్ద కేంద్రం. 1960లలో ఐడీపీఎల్ వచ్చాక, ఐఐసీటీ లాంటి ప్రభుత్వ పరిశోధన సంస్థల ఊతంతో ఇక్కడ మందుల పరిశ్రమ పెరిగింది. ప్రజల సొమ్ముతో పెరిగిన ఈ విద్యలో రియాక్టర్ల దగ్గర ఎవరున్నారు, డిజైను బల్ల దగ్గర ఎవరున్నారు, యజమానులెవరు, పటాన్‌చెరు మురికినీళ్ళు ఎవరి పొలాల్లోకి పోయాయి అని కులం పరంగా అడిగిన చరిత్ర ఇంకా రాయాల్సే ఉంది.

మేము మూడు పనులు ప్రతిపాదిస్తున్నాం. ఇంటర్, డిగ్రీ రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఆల్కలాయిడ్ల పాఠంలోనో స్టెరాయిడ్ల పాఠంలోనో జూలియన్ గురించి పది నిమిషాలు చెప్పాలి. ఆయన ఎక్కడ పడుకుని చదివాడో కూడా చెప్పాలి. పరిశోధక విద్యార్థులు తమ తమ సంస్థల్లో శాస్త్రవేత్తల పోస్టుల రోస్టరు వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోవాలి. లంద దగ్గర పనిచేసిన మన పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు. తోలు పదునుచేసే పద్ధతులు, వాడిన చెట్టుచేమలు, కొలతలు వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టుకోవాలి. రసాయనశాస్త్రం చదివే మన పిల్లలే ఆ పని చేస్తే ఇంకా మంచిది. రాసిన ప్రతి మాట కిందా చెప్పినవాళ్ళ పేరుండాలి.